కుడిచెయ్యి తప్ప

తెల్ల చేతిరుమాలు ఒకటి పచ్చని మ్యాట్ మీద పరిచి నాలుగు మూలలా టేపు అంటించారు. ఆరు బంతులు వెయ్యాలి. వాటిలో ఎన్ని రుమాలు మీద పడకుండా పోతాయో అన్ని బంతులు శ్రేయాస్ ఒంటి మీద పడతాయి. ఆ వేసవి అంతా అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా ఇంటి వెనక నడిచిన లెక్క అదే.

బంతులు ఏరడం ఆ వేసవిలో కొత్తగా నాకొచ్చిన పని. వల అవతల నిలబడి, వచ్చిన బంతిని తీసి, గడ్డి మీదుగా వెనక్కి దొర్లించేదాన్ని. విసరకూడదు. విసిరితే ఎక్కడో తగిలి బంతి మెరుగు పోతుందని దక్షిణామూర్తి గారు మొదటి రోజే చెప్పారు. బంతి అంటే ఆయనకు అంత ప్రేమ.

దక్షిణామూర్తి గారు అమ్మకు రెండో భర్త. శ్రేయాస్ ఆయన మొదటి భార్య కొడుకు. ఆవిడ పోయి ఏడేళ్ళయింది, మా నాన్న పోయి అంతకంటే ఎక్కువే అయింది. ప్రకాశం జిల్లా నుంచి అమ్మా నేనూ ఈ ఇంటికి వచ్చి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. ఆయన్ని ఏమని పిలవాలో నాకు తెలిసేది కాదు. "అంకుల్ అనకు వసంతా, బయటివాళ్ళు అంటారు ఆ మాట," అన్నారు వచ్చిన కొత్తలో. నాన్న అనడానికి నోరు రాలేదు. అందుకని ఆయన నావైపు చూసేదాకా ఊరికే నిలబడి, చూశాక మాట్లాడేదాన్ని.

ఆగస్టులో నార్త్ కరోలినాలో పదిహేడేళ్ళలోపు పిల్లలకు అమెరికా క్రికెట్ జట్టు సెలక్షన్లు ఉన్నాయి. ఫాస్ట్ బౌలర్లు కుప్పలు తెప్పలుగా వస్తారనీ, మణికట్టుతో బంతి తిప్పే పిల్లవాడు మాత్రం వెతికినా దొరకడనీ ఆయన నమ్మకం. శ్రేయాస్‌కు పదిహేనేళ్ళు, నాకంటే చిన్నవాడు. జూన్‌లో బడికి సెలవులిచ్చిన మర్నాడే రుమాలు పరిచారు.

"వేళ్ళతో పీకకు. మణికట్టు తిప్పు. చూపుడు వేలు, మధ్య వేలు కుట్టుకు అడ్డంగా. ఉంగరపు వేలు మడిచి కుట్టుకి ఆనించు. తిప్పేది ఆ వేలే. గుండ్రటి తలుపు పిడి తిప్పుతావే, అలా."

శ్రేయాస్ నాలుగడుగులు నడిచి వేశాడు. బంతి గాలిలో బుర్రుమంటూ తిరిగింది. రుమాలుకి జానెడు అవతల పడింది.

ఆరూ అయ్యేసరికి రెండు రుమాలు మీద, నాలుగు బయట. దక్షిణామూర్తి గారు ఎడమచేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నారు.

"నిలబడు."

శ్రేయాస్ వచ్చి వల ముందు నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే కుడిచెయ్యి నడుం వెనక పెట్టుకున్నాడు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పదడుగుల దూరం నుంచి విసిరిన మొదటి బంతి తొడకు తగిలింది. చాకిరేవులో తడిబట్ట బండకేసి కొట్టిన చప్పుడు. రెండోది అదే చోట. మూడోది పక్కటెముకలకు. వాడు అరవలేదు. ముక్కులోంచి గాలి మాత్రం బుస్సుమని వచ్చింది. నాలుగోది మళ్ళీ తొడకే. నాలుగూ అయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళి కొడుకు కుడిచెయ్యి అందుకుని, అరచెయ్యి తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూశారు. కుట్టు రాసుకుని ఉంగరపు వేలి చర్మం లేచిపోయింది. దూదితో స్పిరిట్ అద్ది, మండకుండా నోటితో ఊదారు.

"కుడిచెయ్యి దేశానిదిరా. మిగతా ఒళ్ళు నాది," అన్నారు నవ్వుతూ. గడియారం మళ్ళీ పెట్టుకున్నారు.

నిజం రాయాలంటే, నాకు ఆ రోజు పెద్దగా భయం వెయ్యలేదు. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల సారు తుమ్మ బరికతో కొట్టేవారు. నేనూ తిన్నాను. కొట్టని సారుకు చదువు చెప్పడం రాదనుకునేవాళ్ళం. నాలుగు రోజులు బంతులు ఏరాక మాత్రం ఒక తేడా తట్టింది. మా సారు మేము చెయ్యని పనికి కొట్టేవారు. ఈయన బంతి చేసిన పనికి మనిషిని కొడుతున్నారు.

చెట్ల అవతల డేటా సెంటర్ పగలూ రేయీ హోరుమంటూ ఉంటుంది. ఆ హోరులో మా పెరటి చప్పుళ్ళు ఏవీ వీధిదాకా పోవు.

*

శనివారాలు ఆయన పార్కులో మా కాలనీ పిల్లలకు ఆట నేర్పేవారు. అక్కడ ఆయన వేరే మనిషి.

"చెయ్యి చెప్పే అబద్ధమేరా గూగ్లీ అంటే. అందుకని బంతి వైపు చూడకు, వేసేవాడి చెయ్యి చూడు. చేతి వెనకభాగం నీకు కనబడిందా, ఇంక ఆ బంతి నువ్వనుకున్న వైపు పోదు. ఎదురు తిరిగి లోపలికొస్తుంది."

విహాన్ అని తొమ్మిదేళ్ళవాడు మూడుసార్లు వరసగా అవుటై ఏడుపు మొదలుపెట్టాడు. దక్షిణామూర్తి గారు మోకాళ్ళ మీద కూర్చుని వాడి కళ్ళు తన చొక్కాతో తుడిచారు. "ఏడిస్తే బంతి ఎలా కనబడుతుంది నాన్నా?"

వాళ్ళ నాన్న రవికుమార్ అంకుల్ సమోసాల డబ్బా తెరుస్తూ కేక వేశారు. "మీరు మరీ మెతక మూర్తి గారూ! రెండు తగిలించండి, దారికొస్తాడు. నన్ను బళ్ళో వేసేటప్పుడు మా నాన్న హెడ్‌మాస్టర్‌తో ఏమన్నాడో తెలుసా? ఎముకలు మావి, తోలు మీది అన్నాడు!"

"ఇక్కడ తోలు కూడా గవర్నమెంట్‌దే," అంది వాళ్ళావిడ. "చెయ్యి వేసి చూడండి, వాడే పోలీసులకి 911 కొడతాడు."

అందరూ నవ్వారు. శ్రేయాస్ అందరికంటే గట్టిగా నవ్వాడు. అంత ఎండలో వాడొక్కడే కాళ్ళు పూర్తిగా కప్పే ప్యాంటు వేసుకుని ఉన్నాడు. ఎందుకో నాకు తెలుసు. తెలిసినా సమోసా తిన్నాను.

"పరాయి పిల్లల మీద చెయ్యి వెయ్యనండీ. నాకేం హక్కుంది?" అన్నారు దక్షిణామూర్తి గారు.

*

జూలైలో ఒక సాయంత్రం ఆయన ఫోన్‌లో మాట్లాడుతున్నారు. శ్రేయాస్ నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాడు. నా చేతిలో బంతి ఉంది. ఏమీ తోచక దాన్ని బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ పెట్టి నొక్కి వదిలాను. అది పడి, లేవకుండా, నేలబారున జర్రున పోయి వల కింద దూరింది.

ఆయన ఫోన్ కట్ చేశారు. "ఏదీ, మళ్ళీ."

మళ్ళీ వేశాను. అలాగే పోయింది.

"ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదండీ. సీతాఫలం గింజ."

ఆయనకు అర్థం కాలేదు. మా ఊళ్ళో సీతాఫలం తిన్నాక తడి గింజను రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కుతాం. చిటుక్కున జారి ఎగురుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళ నుదుటికి గురి చూసి కొట్టడం మా ఆట. ఇదంతా నేను నత్తి నత్తిగా చెబుతుంటే ఆయన పకపకా నవ్వారు. అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

"దీన్ని ఫ్లిప్పర్ అంటారు వసంతా. మామూలు లెగ్ స్పిన్ పైనుంచి తిప్పితే, ఇది కింద నుంచి చిటిక వేసినట్టు వదలాలి. పదేళ్ళు నేర్చుకున్నా నాకు రాలేదు. గింజతో వచ్చిందా నీకు!"

వారం రోజులు నేర్పారు. ఒక్క దెబ్బ లేదు, ఒక్క కసురు లేదు. తన మణికట్టు తిప్పి చూపించేవారు, నేను చూసి తిప్పేదాన్ని. ఆ వారం నా నోట్‌బుక్ నిండా బంతుల బొమ్మలే. అన్నం దగ్గర శ్రేయాస్ ఏడిపించేవాడు. "బాల్ గర్ల్ బౌలర్ అయిపోయింది. నా జాబ్ పోయింది ఇంక." మెట్ల దగ్గర చెవిలో చెప్పాడు, "గూగ్లీ నేను నేర్పిస్తా నీకు. డాడ్‌కి చెప్పకు, ఓకే?"

ఆదివారం ఆయన మమ్మల్ని ఇద్దర్నీ పిలిచారు. "బ్యాట్ తీసుకోరా. మీ అక్క వేస్తుంది."

నాలుగు బంతులు మామూలుగా వేశాను. వాడు మెల్లగా ఆపాడు, నన్ను నొప్పించకూడదన్నట్టు. ఐదోది నొక్కి వదిలాను. వాడు బ్యాట్ ఎత్తాడు. బంతి దాని కింద నుంచి పాములా జారి మధ్య వికెట్ పడేసింది.

"వాట్ వాజ్ దట్!" శ్రేయాస్ గెంతాడు. "వసంతా, మళ్ళీ వెయ్, మళ్ళీ వెయ్!"

నేను నవ్వాను. ఆ పెరట్లో నేను పైకి నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. నవ్వుతూ వెనక్కి తిరిగేసరికి దక్షిణామూర్తి గారు గడియారం విప్పుతున్నారు.

పడిపోయిన వికెట్ కర్ర తీశారు. "గింజలతో ఆడుకున్న పిల్ల వేసిన బంతి తెలియలేదురా నీకు? తొమ్మిదేళ్ళు నేర్పాను. తొమ్మిదేళ్ళు!"

మొదటి దెబ్బ మోకాళ్ళ వెనక పడింది. వాడు కూలిపోయాడు. తర్వాతవి వీపు మీద, ఎడమ భుజం మీద, పిరుదుల మీద, మళ్ళీ వీపు మీద. వాడు కుడిచేతిని పొట్ట కింద పెట్టుకుని, పసిబిడ్డను దాచుకున్నట్టు దాని చుట్టూ ముడుచుకుపోయాడు. నోట్లోకి గడ్డి పోయింది. ఎనిమిదో దెబ్బకో తొమ్మిదో దెబ్బకో కర్ర నిలువునా చీలింది. ఆయన దాన్ని అవతల పారేసి రెండో కర్ర పీకారు.

నేను అరవలేదు. అడ్డం వెళ్ళలేదు. చేతిలో ఇంకో బంతి ఉంది. దాన్ని పట్టుకుని నిలబడ్డాను. వంటింటి కిటికీలో అమ్మ ముఖం కనబడింది. తర్వాత కనబడలేదు. లోపల మిక్సీ మోగడం మొదలైంది. చాలాసేపు మోగింది. ఆ రోజు మేము పచ్చడి తినలేదు.

రెండో కర్ర విరగలేదు, ఆయనే ఆయాసపడి ఆపారు. కొడుకును వెల్లకిలా తిప్పి, కుడిచెయ్యి బయటికి లాగి, వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. "చిన్న గీత కూడా పడలేదు," అన్నారు. ఆయన గొంతులో ఉన్నది నిజమైన ఊరట.

*

అమ్మ రాళ్ళ ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి శ్రేయాస్ వీపుకు కాపడం పెట్టింది. వాడు దిండులో మొహం దాచుకున్నాడు. మూట ఆనించినప్పుడల్లా వాడి కాలి వేళ్ళు ముడుచుకునేవి. పెట్టి వచ్చాక బట్టలుతికే గదిలోకి అమ్మ వెంట వెళ్ళి తలుపు వేశాను.

"అమ్మా, ఎవరికైనా చెబుదాం."

"ఎవరికి? చెప్పి ఏం చేస్తావు?" అమ్మ మెషిన్‌లోంచి తడిబట్టలు లాగుతూనే ఉంది. "మన గ్రీన్‌కార్డ్ రెండేళ్ళదే. అక్టోబర్‌లో కండిషన్స్ రిమూవ్ చేయిస్తేనే ఇక్కడ ఉండనిస్తారు. జాయింట్ పిటిషన్. ఆయన సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఎక్కడికి పోతాం? మళ్ళీ మీ బాబాయి పంచన పడదామా?"

"వాడిని చంపేస్తాడేమో అమ్మా."

"కన్నతండ్రి. ఎందుకు చంపుతాడు?" గొంతు తగ్గించింది. "మనల్నేమన్నా అన్నాడా? రెండేళ్ళలో నిన్ను ఒక్క మాట అన్నాడా, చెప్పు?"

అనలేదు. అదీ నిజమే.

నేను మళ్ళీ ఆ బంతి వెయ్యలేదు. వేలు నొప్పి అని చెప్పాను. ఆయన నా వేలికి కూడా స్పిరిట్ అద్దబోయారు.

*

సెలక్షన్లకు నాలుగు రోజులుంది. మంగళవారం మధ్యాహ్నం. అమ్మ కూరగాయలకు వెళ్ళింది, ఆయన ఆఫీసులో ఉన్నారు. క్రికెట్ సామాను వేసుకెళ్ళే పాత కారు గరాజ్ ముందు ఆగి ఉంది. శ్రేయాస్ దాని పక్కన నిలబడి పిలిచాడు.

"వసంతా, ఇటు రా. ఒక హెల్ప్ కావాలి."

వెళ్ళాను. వాడు ముందు తలుపు తెరిచి, తలుపు వచ్చి మూసుకునే అంచు మీద కుడిచెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్ళూ లోపలికి.

"డోర్ వెయ్. హార్డ్‌గా. వన్ టైమ్."

"పిచ్చి పట్టిందా నీకు?"

"లిజన్. సాటర్‌డే నేను సెలెక్ట్ కాకపోతే ఏమవుతుందో నీకు తెలుసు. సెలెక్ట్ అయితే ఇంకా వర్స్, ఇంకో టూ ఇయర్స్ ఇదే. ఈ హ్యాండ్ పోతే నాతో ఆయనకి పని లేదు. అయిపోతుంది. ఎవ్రీథింగ్."

"అయితే నువ్వే వేసుకో. నన్నెందుకు అడుగుతావు?"

"ట్రై చేశా." వాడు కారు అద్దం వైపు చూస్తూ అన్నాడు. "టూ టైమ్స్. చెయ్యి వెనక్కి వచ్చేస్తోంది. నేను ఆపినా ఆగట్లేదు."

నా చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. ఇనుము ఎండకు కాలుతోంది. వేద్దామనే అనుకున్నాను. వేస్తే వాడి వేళ్ళు విరుగుతాయి. కారు తలుపు పడింది అంటాం, అందరూ నమ్ముతారు. ఆట ఆగుతుంది, దెబ్బలు ఆగుతాయి. అక్టోబర్‌లో సంతకం పడుతుంది. అమ్మకేమీ కాదు, నాకేమీ కాదు. పోయేది వాడి చెయ్యి ఒక్కటే. అదీ వాడే అడుగుతున్నాడు.

శ్రేయాస్ కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఎడమచెయ్యి నడుం వెనక పెట్టుకున్నాడు.

అది చూశాక నేను తలుపు పూర్తిగా బయటికి లాగి పట్టుకున్నాను.

"తియ్యి చెయ్యి."

"ప్లీజ్, వసంతా."

"తియ్యరా!" మణికట్టు పట్టుకుని బయటికి లాగాను. వాడు అదే చేత్తో నన్ను నెట్టాడు. తలుపు మూలకు నోరు తగిలి పెదవి చిట్లింది. రక్తం గడ్డం మీదికి కారింది.

"యూ ఆర్ యూజ్‌లెస్! నువ్ కూడా అంతే! చూస్తూ ఉంటావ్, అంతే!"

అరిచి, నా గడ్డం మీది రక్తం చూసి, తన కుడిచెయ్యి చూసుకున్నాడు. అది తనది కానట్టు ఒంటికి దూరంగా పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

*

ఇంగ్లీషు సరిగ్గా రాని పిల్లలకు ఆ వేసవిలో మా బళ్ళో ప్రత్యేకంగా క్లాసులు పెట్టారు. మిస్ డోనెలీ రోజూ ఒక పేజీ రాయించేది. ఏమైనా రాయొచ్చు. అప్పటిదాకా నేను వాతావరణం గురించీ, ఉడతల గురించీ, సీతాఫలం గురించీ రాశాను. ఆమె ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది భోజనాల వేళకు తిరిగిచ్చేది. నా పేజీ ఎప్పుడూ మిరపకాయలు ఆరబోసినట్టు ఉండేది.

బుధవారం కూర్చుని రాశాను. పెద్ద మాటలు నాకు రావు. అందుకని చిన్న చిన్న వాక్యాలు రాశాను. ఒక రుమాలు ఉంటుంది. ఆరు బంతులు ఉంటాయి. ఆయన గడియారం విప్పుతారు. తొడకు, వీపుకు, పక్కటెముకలకు. కర్ర విరిగితే ఇంకో కర్ర. నిన్న నా తమ్ముడు కారు తలుపులో చెయ్యి పెట్టాడు. కుడిచేతిని మాత్రం ఎవరూ కొట్టరు. 'తప్ప' అనడానికి ఇంగ్లీషు మాట కోసం నిఘంటువు చూశాను. చివర, రోజూ రాసినట్టే, దయచేసి నా ఇంగ్లీషు దిద్దండి అని రాశాను.

భోజనాల వేళకు పేజీ రాలేదు. బడి వదిలేటప్పుడు మిస్ డోనెలీ నా బల్ల పక్కన నేల మీద కూర్చుని ఇచ్చింది. కనీసం పది తప్పులుంటాయని నాకు తెలుసు. ఎర్ర గీత ఒక్కటీ లేదు.

"వసంతా, ఇది కథా?" అని అడిగింది.

"కాదు, మిస్," అన్నాను.

*

మర్నాడు సాయంత్రం కౌంటీ పిల్లల రక్షణ ఆఫీసు నుంచి ఒకామె వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది. అందులో ఒక మగ గొంతు ఆమె మాటలు తెలుగులో చెబుతోంది, మా మాటలు ఇంగ్లీషులో చెబుతోంది.

దక్షిణామూర్తి గారు తొణకలేదు. ఆమెకు కుర్చీ వేసి, టీ పెట్టమని అమ్మకు చెప్పారు. ఇది కోచింగ్ అనీ, ఆటలో క్రమశిక్షణ ఉంటుందనీ ఇంగ్లీషులో చక్కగా వివరించారు. తర్వాత శ్రేయాస్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, వాడి కుడిచెయ్యి బల్ల మీద దీపం కింద పెట్టారు.

"చూడండి మేడమ్. తొమ్మిదేళ్ళుగా రోజుకి రెండు వందల బంతులు వేసే చెయ్యి. ఒక్క మచ్చ ఉందేమో చూడండి. పిల్లవాణ్ణి కొట్టే తండ్రి వాడి చేతిని ఇలా కాపాడతాడా?"

అది నటన కాదు. ఆ చెయ్యి ఆయనకు అంత ప్రాణం. ఆమె ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఫైలులో ఏదో రాసుకుంది. శ్రేయాస్ నావైపు చూసి, వద్దు అన్నట్టు కనబడీ కనబడకుండా తలూపాడు. అమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా కట్టెయ్యలేదు.

ఫోన్‌లో గొంతు అడిగింది, తెలంగాణ యాసలో, మెల్లగా. "మేడమ్ అడుగుతున్నరు బిడ్డా. నీకేమన్న చెప్పాలని ఉన్నదా?"

నా పెదవి ఇంకా వాచి ఉంది.

"చెయ్యి చూడొద్దని చెప్పండి," అన్నాను. "కుడిచెయ్యి తప్ప మిగతా ఒళ్ళంతా చూడమని చెప్పండి."

ఆ గొంతు అదే మాట ఇంగ్లీషులో చెప్పింది.

దక్షిణామూర్తి గారు గడియారం విప్పారు. కావాలని విప్పలేదనుకుంటాను. చేతికి అలవాటైపోయింది. విప్పాక దాన్ని చూసుకుని, ఏం చెయ్యాలో తెలియనట్టు బల్ల మీద పెట్టారు.

శ్రేయాస్ కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి నడుం వెనక పెట్టుకున్నాడు.

నా పేజీ చదివే వచ్చిందేమో, కౌంటీ ఆమె గడియారం చూసింది. శ్రేయాస్‌ను చూసింది. ఫైలు మూసేసింది.

*

ఆ సాయంత్రమే దక్షిణామూర్తి గారు పెట్టె సర్దుకుని రవికుమార్ అంకుల్ వాళ్ళ బేస్‌మెంట్‌కు వెళ్ళారు. శ్రేయాస్ వీపూ తొడలూ చూశాక, విచారణ తేలేదాకా ఆయన ఇంటికి రాకూడదన్నారు కౌంటీ వాళ్ళు. శనివారం వచ్చింది, పోయింది. నార్త్ కరోలినాకు ఎవరూ వెళ్ళలేదు.

కారు వీధి మలుపు తిరగగానే అమ్మ అట్లకాడ తీసుకుని నన్ను కొట్టింది. భుజం మీద ఒకటి, చేతి మీద ఒకటి. "ఇల్లు కూల్చావు కదే! నోట్లో నాలుక లేనిదానివి, ఇవాళే దొరికిందా నీకు నాలుక?" మూడోసారి ఎత్తి, గాల్లో ఉన్న తన చేతినే చూసి ఆగిపోయింది. అట్లకాడ సింకులో పారేసి, ఇల్లంతా మాడు వాసన వేస్తుంటే అప్పుడు వెళ్ళి పొయ్యి కట్టేసింది.

రవికుమార్ అంకుల్ అమ్మకు ఫోన్ చేశారు. "పల్లెటూరి పిల్ల, మాట కూడా రాదనుకున్నాం. ఇంటి గుట్టు కౌంటీ దాకా మోసిందమ్మా జయంతీ!" అమ్మ ఫోన్ పెట్టేసింది. విహాన్‌కు ఇప్పుడు ఆట ఎవరు నేర్పుతున్నారో తెలియదు.

శ్రేయాస్ నాతో మాట్లాడటం మానేశాడు. మానేసే ముందు ఒక్కమాట అన్నాడు. "నేను డోర్ అడిగా. దట్స్ ఆల్ ఐ ఆస్క్డ్." అంతే. సెప్టెంబర్ అంతా ఒకే బస్సులో బడికి వెళ్ళాం, వేరే సీట్లలో.

అక్టోబర్ వచ్చింది. కాగితాల మీద సంతకం పెట్టి పంపమని అమ్మ వాటిని ఆయనకు పోస్టులో పంపింది. ఇంకా రాలేదు. రోజూ పొద్దున మెయిల్‌బాక్స్ తెరిచి, చెయ్యి లోపలిదాకా పెట్టి తడిమి చూస్తుంది. ఆయన సంతకం లేకుండా కూడా పిటిషన్ పెట్టుకునే దారి ఉందని గుళ్ళో ఎవరో చెప్పి లాయర్ నంబర్ ఇచ్చారు. ఆ చీటీ ఫ్రిజ్ మీద ఉంది. నిన్న మొన్నటిదాకా అది కనబడకుండా పైన ఒక పాల కూపన్ ఉండేది, ఇప్పుడు అమ్మ దాన్ని తీసేసింది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం పెరట్లోంచి బుర్రుమని చప్పుడు వినబడింది. చాలా రోజులైనా ఆ చప్పుడు ఏమిటో నాకు వెంటనే తెలిసింది. వెనక తలుపు తీసుకుని వెళ్ళాను. మ్యాట్ నిండా ఎర్రటి ఆకులు రాలి ఉన్నాయి. రుమాలు మట్టి కొట్టుకుపోయింది, ఒక మూల టేపు లేచి గాలికి కొట్టుకుంటోంది. శ్రేయాస్ ఒక్కడే వేస్తున్నాడు. రెండు నెలలకు చెయ్యి మొద్దుబారింది. బంతి ఎక్కడెక్కడో పడుతోంది.

నేను వెళ్ళి వల అవతల నా చోట నిలబడ్డాను. వాడు పొమ్మనలేదు.

ఆరు వేశాడు. ఒకటి రుమాలు అంచు మీద పడింది. ఐదు బయట.

ఆరోది వేశాక వాడు నడుచుకుంటూ వచ్చి వల ముందు నిలబడ్డాడు. కుడిచెయ్యి నడుం వెనక పెట్టుకున్నాడు. అలా నిలబడ్డట్టు వాడికి తెలుసో తెలియదో. కళ్ళు నేల మీద ఉన్నాయి. తొడ కండరం బిగుసుకుని ఉంది. బంతి నా చేతిలో ఉంది.

చెట్ల అవతల హోరు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. వల కింద నుంచి బంతిని గడ్డి మీదుగా దొర్లించాను. అది ఆకుల మధ్య నుంచి మెల్లగా వెళ్ళి వాడి బూటుకు తగిలి ఆగింది.

శ్రేయాస్ దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యి ముందుకు తెచ్చి, వంగి, బంతి తీసుకున్నాడు.

"ఎన్ని పడ్డాయ్?" అన్నాడు.

"ఒకటి."

"ఓకే," అన్నాడు. వెనక్కి నడిచి, మళ్ళీ మొదటి బంతి వేశాడు.